బావా అన్న కేక

పోయిన నెల నలుగురు కుర్రాళ్ళు మా ఇంటికొచ్చి నన్ను మెల్లగా సైకిల్ తొక్కడానికి రమ్మన్నారు. మెల్లగా అన్న మాట వాళ్ళదే. ఈ వయసులో నేను ఇంకో రకంగా తొక్కగలనన్న అనుమానం వాళ్ళకి ఉన్నందుకు లోపల సంతోషించాను. వాళ్ళకి పెద్ద కార్తీక్. మా పై అంతస్తులో ఉంటాడు, రుషికొండలో కంప్యూటర్ ఉద్యోగం. ఆదివారం తెల్లారకుండా తగరపువలసలో కలిసి, గోస్తనీ లోయ వెంట పద్మనాభం వైపు తీరుబడిగా వెళ్ళడమట. పల్లెటూరి నిశ్శబ్దాన్ని అనుభవించడం వీళ్ళ ఉద్దేశమట. ఆ నిశ్శబ్దానికి తోడుగా ఒక స్పీకరు, నెత్తిమీద ఎగురుతూ ఫొటోలు తీసే కెమెరా, వెనకాల అరటిపళ్ళూ నీళ్ళసీసాలూ మోసే కారు ఒకటి. అందరికీ చిలకాకుపచ్చ చొక్కాలు. లోయలో చిలకలు తగ్గిపోయాయని నాకు తెలుసు గానీ, ఆ లోటు వీళ్ళు తీరుస్తారని తెలియదు.

కార్తీక్ తన సైకిల్ని లిఫ్టులో పెట్టుకుని మరీ దింపి చూపించాడు. చుట్టూ తిరిగి చూశాను. మడ్‌గార్డు లేదు, చైను కవరు లేదు, స్టాండు లేదు, బెల్లు లేదు, వెనకాల క్యారియరు లేదు. ఇన్ని లేకపోవడానికే అంత ఖరీదట. మా రోజుల్లో ఇలాంటి సైకిల్ కనిపిస్తే, పాపం ఎవరిదో దొంగలు విప్పుకుపోయారనుకుని పోలీస్‌స్టేషన్ దాకా తోడు వెళ్ళేవాళ్ళం. కోనసీమ నుంచి వచ్చి మా ఇంట్లో కొన్నాళ్ళుగా ఉంటూ, గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న మా అక్క కూడా ఆ సైకిల్ని చాలాసేపు చూసింది. "మరి క్యారేజీ ఎక్కడ పెట్టుకుంటావు బాబూ?" అని అడిగింది. అన్నం క్యారేజీ అని ఆవిడ ఉద్దేశం. కార్తీక్ నడుముకి కట్టుకున్న చిన్న సంచీ లోంచి వెండికాగితం చుట్టిన ముక్క ఒకటి తీసి, ఇదే తింటామన్నాడు. అక్క దాన్ని వాసన చూసి తిరిగి ఇచ్చేసింది. మా ఇంట్లో దానికంటే పెద్ద తిట్టు లేదు.

"ఏ నది దగ్గరికి వెళ్తారు?" అంది అప్పుడు.

"గోస్తనీ, అమ్మమ్మగారూ."

అక్క చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. "నేనూ వస్తాను" అంది. అనుమతి అడిగినట్టు లేదు. బస్సు కండక్టరుకి ఊరి పేరు చెప్పినట్టు ఉంది. కార్తీక్ బుద్ధిమంతుడు కాబట్టి కారులో సీటు ఉందన్నాడు. వాడికేం తెలుసు, ఆ సీటు వాడిచ్చింది కాదు. మా అక్క పద్దెనిమిదో పంతొమ్మిదో ఏట కట్టిన క్యారేజీతో సహా రద్దయిపోయిన ప్రయాణం అది. ఒక్క మాట వల్ల రద్దయింది. ఆ మాట ఉత్తరాంధ్రలో రోజుకి లక్షసార్లు వినపడుతుంది. ఒక్కరికీ ఏమీ కాదు. మాకు మాత్రం అయింది. ఎందుకంటే మేం గోదావరి వాళ్ళం.

గోదావరి వాళ్ళమంటే ఏమిటో విశాఖపట్నంలో పుట్టి పెరిగినవాళ్ళకి చెప్పనక్కర్లేదు, వాళ్ళు చాలా భరించారు. మా నాన్న పోర్టులో క్రేన్ నడిపేవాడు. వన్‌టౌన్‌లో ఒక వరస ఇళ్ళలో రెండు గదులు మావి. ఎడమ చేతి గాలి వస్తే చేపల వాసన, కుడి చేతి గాలి వస్తే ఇనపరాయి దుమ్ము. ఆరేసిన తెల్ల పంచె సాయంత్రానికి కాషాయం పుచ్చుకునేది. ఆ పంచె దులుపుతూ అమ్మ, "మా ఊళ్ళో అయితేనా" అని మొదలుపెట్టేది. మా ఊళ్ళో వంకాయ వేరు, మా ఊళ్ళో అరిటాకు వేరు, మా ఊళ్ళో ఎండ కూడా మర్యాదగా కాసేది. అంత మర్యాద గల ఊరు మాకు రెండు పూటలా అన్నం ఎందుకు పెట్టలేకపోయిందో, ఆ ఎండలోంచి ఈ దుమ్ములోకి ఎందుకు వచ్చామో ఎవరూ అడగకూడదు. నాన్నకి నది అంటే గోదావరి ఒక్కటే. మిగిలినవన్నీ ఆయన లెక్కలో తూములు. గోస్తనీ పేరెత్తితే, "అదా, మా ఊరి పంటకాలవ దీనికంటే వెడల్పు. గేదె అడ్డం పడుకుంటే ప్రవాహం ఆగిపోతుంది" అనేవాడు. ఆయన ఆ నదిని ఒక్కసారి కూడా చూడలేదు.

తమాషా ఏమిటంటే మేం తాగేది ఆ గేదె దాటే నీళ్ళే. తెల్లారగట్ల పోర్టు సైరను కంటే ముందు వీధి కొళాయి బుస్సుమనేది. అందులో వచ్చేవి గోస్తనీ నీళ్ళని మా వీధిలో అందరికీ తెలుసు. అక్క కొంగు నడుముకి చుట్టి, ఇత్తడి బిందె చంకనెత్తి, ఇంటికీ కొళాయికీ మధ్య తిరిగేది. అమ్మ కుంపటి రాజేసేది. నాన్న తాను స్నానం చెయ్యకముందే సైకిల్‌కి స్నానం చేయించేవాడు. పాత బనీను ముక్కతో ఒక్కొక్క పుల్లా తుడిచి, పోర్టు నుంచి చిన్న సీసాలో తెచ్చిన నూనె చుక్క ఇరుసులో వేసి, చక్రం గాల్లో తిప్పి చెవి దగ్గర పెట్టి వినేవాడు, డాక్టరు గుండె విన్నట్టు. మమ్మల్ని అంత శ్రద్ధగా ఎప్పుడూ వినలేదు. ఆదివారం మాత్రం ఆ సైకిల్ నాకిచ్చేవాడు. చదువు ఎలాగూ అబ్బలేదు, కాళ్ళయినా అబ్బనీ అని. నాకు బడి ఆరో క్లాసుతో సరి. తరవాతి చదువంతా గోడౌనులో పార్సిళ్ళు చుట్టి వచ్చిన పాత పత్రికల మీద సాగింది. అందుకే నాకు చాలా కథల మొదళ్ళు తెలుసు, చివరలు తెలియవు.

ఆ గోడౌనులోనే నాకు పైడిరాజు దొరికాడు. ఇద్దరం బస్తాలు లెక్కపెట్టి టాలీ వేసే పని. వాడి ఊరు పద్మనాభం దాటాక గోస్తనీ గట్టు మీదే. మొదటిరోజే నా భుజం మీద చెయ్యేసి, "ఏటి బావ, కొత్తా?" అన్నాడు. నేను ఉలిక్కిపడి, నాకు తెలియకుండా మా ఇంట్లో ఏదైనా సంబంధం కుదిరిందేమో అని ఆలోచించాను. మధ్యాహ్నానికి అర్థమైంది. వాడు కళాసీని బావ అన్నాడు, టీ కొట్టువాణ్ణి బావ అన్నాడు, దారికి అడ్డంగా పడుకున్న కుక్కని కూడా, "జరుగు బావ" అన్నాడు. కుక్క ఏ వరసలూ ఆలోచించకుండా జరిగింది. ఆ కుక్కకున్న జ్ఞానం మా ఇంట్లో ఒక్కరికి ఉన్నా ఈ కథ లేదు.

ఆదివారం వచ్చిందంటే మేం ఇద్దరం రెండు సైకిళ్ళ మీద ఆనందపురం మీదుగా తగరపువలస చేరి, అక్కణ్ణించి నది గట్టు పట్టుకునేవాళ్ళం. సంత జనాన్నీ, జూట్‌మిల్లు గొట్టాన్నీ దాటితే రోడ్డు సన్నబడిపోయి, మనిషి గొంతు కూడా సన్నబడేది. ఒక పక్క తాటిచెట్లు, ఒక పక్క చెరుకు, ఎదురుగా పడుకున్న ఏనుగుల్లా తూర్పు కొండలు. వానలు తగ్గిన రోజుల్లో నది మడుగుల్లో గోగుకట్టలు నానబెట్టేవారు. ఆ కుళ్ళిన నార వాసన ముక్కులోకి కాదు, నెత్తిలోకి ఎక్కేది. మొదటిసారి నాకు వాంతి వచ్చింది, మూడోసారికి ఆకలి వెయ్యడం మొదలైంది. ఎందుకంటే ఆ వాసన వచ్చిందంటే పైడిరాజు వాళ్ళ ఊరు దగ్గరపడినట్టు, వాళ్ళ అమ్మ చోడి అంబలి, అంటే రాగి అంబలి, ముంతలో పోసి ఉల్లిపాయ చితక్కొట్టి ఇస్తున్నట్టు. మేం ఎక్కడా తొందరపడేవాళ్ళం కాదు. నీడ కనిపిస్తే దిగడం, నీళ్ళు కనిపిస్తే దిగడం, మనిషి కనిపిస్తే దిగడం. ఇప్పుడు దీన్నే 'స్లో' అని పేరుపెట్టి, పేర్లు రాయించుకుని, చొక్కాలిచ్చి చేయిస్తున్నారు. అప్పట్లో దానికి పేరు ఉండేది, బేవార్సుగా తిరగడం అని.

పని లేకుండా సైకిల్ మీద మనిషి తిరుగుతాడని ఆ లోయలో ఎవరూ నమ్మేవారు కాదు. సైకిలెక్కాడంటే వాడు చావు కబురు తెచ్చినవాడో, గిన్నెలమ్మేవాడో, ప్రభుత్వం మనిషో అయి ఉండాలి. ఒకసారి ఒక ముసలాయన మేకని చంకన పెట్టుకుని ఎదురొచ్చాడు. నా హ్యాండిల్‌కి వేలాడుతున్న క్యారేజీని చూసి, మేం పశువుల ఆస్పత్రి వాళ్ళమనుకున్నాడు.

"ఇది రెండ్రోజులై మేత ముట్టడం నేదు బాబూ, సూది ఎయ్యండి."

"మేం ఆస్పత్రోళ్ళం కాదు మావా, ఊరికే వొచ్చినాం."

"ఊరికే ఎవులొత్తారు? సూది నేదని సెప్పు, ఎల్పోతాను."

పైడిరాజు గంభీరంగా మేక నోరు తెరిచి చూశాడు, చెవి మడిచి చూశాడు. "మేక్కేటీ నేదు మావా. నువ్వే సిక్కిపోనావు. దీనికి పెట్టిందాన్లో సగం నువ్వు తిను" అన్నాడు. ముసలాయన పగలబడి నవ్వి, మాకు చెరో తాటిముంజె కొట్టి ఇచ్చాడు. ఈ కథలన్నీ నేను ఇంటికొచ్చి అక్కకి చెప్పేవాణ్ణి. వారం వారం మా క్యారేజీ కట్టేది తనే. ఆవ పెట్టిన పులిహోర పై గిన్నెలో, పెరుగన్నం కింది గిన్నెలో, మధ్యలో మాగాయి టెంక. ఖాళీ గిన్నెలు కడుగుతూ, మేక ఏ రంగు, ముంజె లేతదేనా, నీళ్ళు మోకాలి దాకా వచ్చాయా నడుము దాకా వచ్చాయా అని అడిగేది. నది నీళ్ళతోనే గిన్నెలు కడుగుతూ నది ఎలా ఉంటుందని అడిగేది.

అడిగి ఊరుకునే మనిషి కాదు. మధ్యాహ్నం మగవాళ్ళు పనిలో ఉన్నప్పుడు గోడౌనుల వెనక రోడ్డు మీద నాన్న సైకిల్ తొక్కడం నేర్చుకుంది. ముందు ఫ్రేము మధ్యలోంచి కాలు దూర్చి తొక్కింది, తరవాత సీటెక్కింది, తరవాత ఒక చెయ్యి వదిలేసింది. నాన్నకి విషయం తెలిసి, కోప్పడే బదులు, బ్రేకు ముందుది పట్టుకోకు, వెనకది పట్టుకో అన్నాడు. సైకిల్ విషయంలో ఆయనకి ఆడా మగా తేడా లేదు, నూనె వేశారా లేదా అన్నదే తేడా. చివరికి కార్తీకమాసంలో ఒప్పందం కుదిరింది. పద్మనాభం కొండ మీద దేవుడున్నాడు కాబట్టి అమ్మ ఒప్పుకుంది. మా ఇళ్ళల్లో ఆడపిల్ల ఊరు చూడాలంటే అక్కడ దేవుడు ఉండి తీరాలి. అక్కకి అద్దె షాపులో లేడీస్ సైకిల్ మాట్లాడాం. తగరపువలస దాకా సైకిళ్ళు బస్సు టాపు మీద, అక్కణ్ణించి ముగ్గురం నది గట్టున. అక్క రెండు రోజుల ముందు నుంచే జడ గట్టిగా వేసుకుని అటూ ఇటూ తల విదిలించి, ఊడుతుందో లేదో చూసుకుంది.

ఆ తెల్లవారుజామున క్యారేజీ మూడు గిన్నెలదయింది. అక్క ఓణీ దోపుకుని గుమ్మంలో నిలబడింది. అమ్మ వంటింట్లో ఉంది. వీధి చివరి నుంచి పైడిరాజు సైకిల్ మీద వస్తూనే, సముద్రం మీద తెప్పని పిలిచే గొంతుతో ఒక కేక వేశాడు. "బావా..." అని. దగ్గరకొచ్చి కాలు నేలకానించి, గొంతు తగ్గించి మర్యాదగా, "అప్ప తయారేనా? బస్సెల్లిపోద్ది" అన్నాడు.

అమ్మ చేతిలో గరిటెతో వచ్చింది.

"ఎవర్రా నీకు బావ?"

"ఈడేనమ్మా."

"ఏ వరసన?"

"వరసేటమ్మా, బావే."

మా అమ్మ మెదడులో వరసల లెక్క మొదలైంది. గోదావరి గణితంలో తన కొడుకుని బావ అనే కుర్రాడు రెండే రెండు రకాలు. తన కూతుర్ని చేసుకోబోయేవాడు, లేదా తన కొడుక్కి చెల్లెల్ని ఇవ్వబోయేవాడు. రెండూ ఆవిడకి తెలియకుండానే జరిగిపోతున్నాయి. పైగా వీధంతా వినేలా.

"మా అమ్మాయిని ఏమన్నావు?"

"అప్ప అన్నానమ్మా."

"అప్పంటే?"

పైడిరాజు కంగారుపడ్డాడు. నీళ్ళంటే ఏమిటని చేపనడిగితే ఏం చెబుతుంది? "అప్పంటే... అప్పేనమ్మా" అన్నాడు.

నేను మధ్యలో దూరి, "ఇక్కడ అప్ప అంటే అక్క అమ్మా" అన్నాను. అక్కని అక్క అనడానికి ఈ ప్రాంతంలో ఉన్న మాట అదేనని, వాడు అక్కని తోబుట్టువుగా పిలిచాడని చెప్పాను.

"నువ్వు నోరుముయ్యి. అక్కయితే అక్క అనొచ్చుగా, చాటుమాట దేనికి? బావ అన్నది వీధంతా వినపడింది, ఈ అప్పో నిప్పో గుమ్మం కూడా దాటలేదు. పైకి చెప్పుకోగలిగిన మాటే అయితే అంత మెల్లగా అంటాడా?"

ఎంత తిరగేసినా ఆవిడ తర్కంలో పెచ్చు ఊడలేదు. నాన్న వైపు చూశాను. ఆయన సైకిల్ చక్రం వింటున్నాడు. అక్క మాత్రం నిబ్బరంగా, "అమ్మా, ఈ అబ్బాయి బస్సు కండక్టర్ని కూడా బావ అంటాడట. అయితే ఆ కండక్టరు చెల్లెల్ని కూడా చేసుకుంటాడా?" అంది. ఆ మాటతో అయిపోయింది. వాడు ఎవరిని ఏమంటాడో దీనికెలా తెలుసు అన్నది కొత్త కేసు. అద్దె సైకిల్ షాపుకి వెళ్ళిపోయింది. క్యారేజీ మాత్రం అక్క మా హ్యాండిల్‌కి తగిలించి, "వండింది పాడవుతుంది, మీరు వెళ్ళండి" అంది. ముగ్గురి పులిహోర ఇద్దరం తిన్నాం. ఆ రోజు పైడిరాజు దారిలో ఎవరినీ బావ అనలేదు. కుక్కని కూడా.

తరవాత అమ్మ ఒక షరతు పెట్టింది. ఆ మాట మానేస్తేనే వాడు మా గుమ్మం తొక్కాలి, నేను సైకిల్ తొక్కాలి. పాపం వాడు మానెయ్యడానికి పడ్డ పాట్లు చూస్తే రాయి కరుగుతుంది. మొదట, "అన్నయ్యా" అన్నాడు. నాకంటే నెలలు పెద్దవాడు, నోరు తిరగలేదు. తరవాత, "సార్" అన్నాడు. నాన్న వెనక్కి తిరిగి తన వెనకాల ఎవరైనా ఆఫీసరొచ్చాడా అని చూశాడు. ఒకరోజు, గోదావరి వాళ్ళు మర్యాదస్తులు కదా అని ఎవరో చెప్పగా, వీధిలోంచి నన్ను, "ఏమండీ" అని పిలిచాడు. మా వరస ఇళ్ళల్లో ఆడవాళ్ళందరూ ఒకేసారి బయటికొచ్చారు. భర్తని పిలిచే మాటతో తన కొడుకుని ఒక మగాడు పిలవడం విన్న అమ్మ, చాలాసేపు ఆలోచించి, "ఒరేయ్, నువ్వు ఈల వెయ్యరా" అంది. అప్పటి నుంచి ఈల.

అక్కని మాత్రం ఆలస్యం చెయ్యకుండా అసలు బావకిచ్చి చేశారు. మా మేనత్త కొడుకు. వరస నూటికి నూరుపాళ్ళు కుదిరింది, ఎవరూ గరిటె పట్టుకు రానక్కర్లేదు. కోనసీమలో కొబ్బరితోట, ఇంటి ముందు పంటకాలవ. నాన్న చెప్పిందీ నిజమే, గోస్తనీ కంటే అదే వెడల్పు. బావ మంచివాడు, ఆ మాట ఎవరు కాదన్నా నేను ఒప్పుకోను. కానీ కదిలే మనిషి కాదు. ఉదయం అరుగు మీద కూర్చున్నాడంటే సాయంత్రానికి ఆ అరుగే లేచి ఊరంతా తిరిగి కబుర్లు మోసుకొచ్చి చెప్పాలి. ఇంట్లో సైకిల్ ఉండేది. దానిమీద కొబ్బరికాయలు సంతకి వెళ్ళేవి, అక్క వెళ్ళలేదు. ఇంకా కొసమెరుపు వినండి. అక్క కాపురానికి వెళ్ళిన కొన్నాళ్ళకే మా నాన్న పాలవాణ్ణి, "ఏం బావా, నీళ్ళలో పాలు కలిపావా?" అనడం అమ్మ విన్నది. ఆయన మీకేమవుతాడని నిలదీసింది. "ఏమవుతాడు, పాలవాడవుతాడు" అన్నాడు నాన్న. మరి కొన్నాళ్ళకి అమ్మే చేపలమ్మాయితో, "నీ సేపలు కుళ్ళిపోయాయి అప్పా" అనడం నేను విన్నాను. సేపలు అంది. అప్పా అంది. రెండూ ఒకే నోటితో అంది. నేను ఈల వేశాను. ఆవిడకి అర్థం కాలేదో, అర్థం కానట్టు నటించిందో ఇప్పటికీ తెలియదు.

ఇదీ ఆ రద్దయిన సీటు చరిత్ర. పోయిన ఆదివారం తగరపువలసలో ఆ సీటులో మా అక్క కూర్చుంది, ఒళ్ళో మూడు గిన్నెల క్యారేజీతో. నేను కారెక్కనన్నాను. నా పాత నల్ల సైకిల్ని కారు నెత్తిన కట్టించి తెచ్చుకున్నాను. నిశ్శబ్దం కోసం స్పీకరు పెట్టారు. మెల్లగా వెళ్ళడం కోసం పందెం పెట్టుకున్నారు. ఎందుకంటే ప్రతివాడి చేతి గడియారమూ వాడి వేగం చెబుతుంది, పక్కవాడి వేగమూ చెబుతుంది. రెండు మలుపులు తిరిగేసరికి చిలకలు ఎగిరిపోయాయి. ముసలి కాకి మిగిలింది. కారు నా వెనకాలే నత్తలా వచ్చింది.

మీరు ఆ లోయని నా మాటల్లో చూసి వెళ్దామనుకుంటే వెళ్ళకండి. చెరుకు ఉన్నచోట తెల్లరాళ్ళు పాతారు, ఒక్కో రాయికీ ఒక్కో నంబరు. నదికి వెన్ను చూపించి కట్టిన గేటు మీద 'రివర్ వ్యూ' అని ఇంగ్లీషులో రాశారు. మిగతా చోట్ల సరుగుడు తోటలు, మొక్కజొన్న. గోగు వాసన లేదు. గోగే లేదు. ఇసక ట్రాక్టర్లు మాత్రం ఆదివారం కూడా సెలవు తీసుకోకుండా కష్టపడుతున్నాయి. మనిషి కనిపించి దిగితే, "ప్లాటు సూత్తారేటి?" అని అడిగాడు. ఊరికే వచ్చానంటే ఇతను కూడా నమ్మలేదు. ఆ ఒక్కటీ మారలేదు.

పైడిరాజు ఊరు ఇంకో రెండు పొలాల దూరం ఉందనగా వెనక కారు ఆగి, తలుపు తెరుచుకుంది. అక్క దిగింది. అద్దం దించమంటే చల్లగాలి పోతుందని డ్రైవరు ఒప్పుకోలేదట. "ఆ పెట్టెలోంచి చూడ్డానికైతే కోనసీమలో టీవీ ఉందిరా నాకు" అని, నా సైకిల్ దగ్గరకొచ్చి క్యారియరు మీద ఒక పక్కగా కూర్చుంది. ఇంతలో ముందు వెళ్ళిన కుర్రాళ్ళు వెనక్కొచ్చి, హెల్మెట్ లేకుండా కుదరదన్నారు. కార్తీక్ తనది తీసి పెట్టబోయాడు. అక్క ముడికి అది పట్టలేదు. ముడి విప్పమన్నాడు. ముడి విప్పేది ఎవరు పోయినప్పుడో తెలుసా అని అక్క అడిగేసరికి వెనక్కి తగ్గాడు. నేను తొక్కలేదు, అంత వెర్రివాణ్ణి కాదు. హ్యాండిల్ పట్టుకుని నడిపించాను. వెనకాల చిలకల గుంపు, స్పీకరు కట్టేసి, నిజంగానే మెల్లగా నడిచింది.

గట్టు ఎక్కాక అక్క దిగి నది వైపు చూసింది. ఇసక, గుర్రపుడెక్క, ఈ ఒడ్డు కింద జానెడు వెడల్పున నీళ్ళు.

"ఇంతేనా?" అంది.

"అప్పుడు నడుము దాకా ఉండేవక్కా."

"అప్పుడు రానిచ్చారు కాదుగా." మెల్లగా దిగి, చీర కుచ్చెళ్ళు పైకెత్తి, ఆ జానెడు నీళ్ళలో నిలబడింది. వంగి దోసిట్లోకి తీసుకుని చూసింది. "దీన్ని బిందెలకి బిందెలు మోశాను. దీని ఒళ్ళు చూడ్డం ఇదే మొదలు" అంది.

అప్పుడొచ్చాడు పైడిరాజు, కర్ర పొడుచుకుంటూ. స్టీల్ ప్లాంటులో రిటైరై, మళ్ళీ ఈ గట్టు మీదే ఉంటున్నాడు. అలవాటుగా ఈల వేశాడు. నాకూ అక్కకీ తప్ప ఆ ఈలకి అర్థం తెలిసినవాళ్ళు లోకంలో ఎవరూ మిగల్లేదు. నీళ్ళలో ఉన్న మనిషిని చూసి ఆగిపోయాడు. మర్యాదగా, మెల్లగా, "అప్పా, వొచ్చినావా" అన్నాడు.

అక్క వాణ్ణి ఎగాదిగా చూసింది. "నీ గొంతు ఇప్పటికీ బాగుపడలేదు. ఆ పూట బావ అన్నది గట్టిగా అన్నావు, అప్ప అన్నది మెల్లగా అన్నావు. తిరగేసి అనుంటే నేను ఇక్కడికి ఎప్పుడో వచ్చేదాన్ని" అంది.

పైడిరాజు నన్ను చూశాడు. కర్ర నా చేతికిచ్చాడు. రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టి, ఊపిరి కూడగట్టుకుని, సముద్రం మీద తెప్పని పిలిచే ఆ పాత గొంతుతో, "అప్పా..." అని ఒక్క కేక పెట్టాడు. మొక్కజొన్నలోంచి కొంగలు లేచాయి. ఇసక ట్రాక్టరువాడు ఇంజను ఆపి చూశాడు. ఆ కేక అవతలి కొండకి తగిలి వెనక్కొచ్చింది. మా అమ్మ ఎక్కడున్నా వినపడే ఉంటుంది.